పెద్దోడు, చిన్నోడు, మావయ్య స్కోరు

మా మావయ్య తన గేమింగ్ కంప్యూటర్‌లో ఇంతవరకు ఒక్క ఆట కూడా ఆడలేదు. స్కోరు చూసుకుంటారు, అంతే. లిఫ్టులు బాగుచేసే పనికి బయల్దేరే ముందు ఒకసారి, తిరిగొచ్చి బూట్లు విప్పకముందే ఇంకోసారి దానికి పరీక్ష పెడతారు. తెరమీద మూడు నిమిషాలు డ్రాగన్లు ఎగురుతాయి, చివర్లో దాని వేగం ఎంతో చెప్పే అంకె ఒకటి పడుతుంది. ఇంట్లో వాతావరణం ఆ అంకెను బట్టే ఉంటుంది.

అందులో తెరమీద బొమ్మల్ని గీసే గ్రాఫిక్స్ కార్డులు రెండు. కంపెనీ పెట్టిన వేగం ఆయన కంటికి ఆనదు కాబట్టి రెండింటినీ అంతకు మించి పరిగెత్తిస్తారు. పరీక్ష మొదలైతే ఫ్యాన్ల హోరులో ఇంకేమీ వినపడదు. "ముప్ఫై ఏళ్లుగా ఈయన నా మాట వినకపోవడానికి ఇన్నాళ్లకో కారణం దొరికింది" అంటుంది అత్తయ్య.

ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లకు ఒక సంఘం కూడా ఉంది. ఏటా స్కోర్ల జాబితా వేస్తారు. మూడేళ్లుగా మొదటి పేరు మావయ్యదే. ఈసారి ఆదివారం సాయంత్రం ఆరింటికి గడువు. నెల కిందటిదాకా ఇరవై వేలుండే స్కోరు ఇప్పుడు పన్నెండు వేలకు పడిపోయింది.

"ఏమైంది మావయ్యా?"

"ఎండలమ్మా."

"నిన్న వాన పడిందిగా?"

"అదే, తేమ."

అత్తయ్య నన్ను పక్కకు లాగింది. "నువ్వు కంప్యూటర్ మీదే బతుకుతున్నావు కదే, కాస్త చూడు. ఆయన ఓడిపోతే ఏడాదంతా వినాల్సింది నేను."

కట్టబోయే ఇళ్లు ఎలా ఉంటాయో కంప్యూటర్‌లో బొమ్మలు చేసివ్వడం నా పని. ఆదివారం మధ్యాహ్నం రంగంలోకి దిగాను. కార్డులను నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చాను. వేగం తగ్గించాను, పెంచాను. వెనక తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చాను. పన్నెండు వేలు దాటితే ఒట్టు! మూత తీస్తానంటే మాత్రం మావయ్య అడ్డంగా నిలబడ్డారు.

"లోపల గాలి చెదిరిపోతుందమ్మా. నెల్లాళ్లు కష్టపడి కుదిర్చిన గాలి."

ఆయన స్నానానికి వెళ్లగానే మూత తీసేశాను. మావయ్య తన కార్డులకు చీటీలంటించి పేర్లు కూడా పెట్టుకున్నారు. పైన 'పెద్దోడు' దర్జాగా ఉన్నాడు. కింద ఉండాల్సిన 'చిన్నోడు' లేడు. వాడి చోట ఎప్పుడో అటకెక్కిన పాత కార్డు బిగించి ఉంది. జోడీలో ఒకటి కుంటితే రెండోది దానికోసం ఆగాల్సిందే. స్కోరు పడక ఏం చేస్తుంది?

అప్పుడు వెలిగింది నాకు. పోయిన నెల పని మధ్యలో నా కంప్యూటర్ చచ్చిపోయింది. ఏడుపొక్కటే తక్కువ. మావయ్య వచ్చి, నన్ను టీ పెట్టమని పంపి, పది నిమిషాల్లో "దుమ్మమ్మా, దులిపేశాను" అన్నారు. దుమ్ము దులిపితే వేగం రెండింతలవుతుందా అన్న అనుమానమైనా రాలేదు నా మట్టిబుర్రకు.

మా ఇంటికి పరిగెత్తి నా కంప్యూటర్ మూత తీశాను. 'చిన్నోడు' లోపల వేడెక్కి, నేను పొద్దున పెట్టిన ఇంటి బొమ్మను గీస్తున్నాడు. వెంటనే ఫోన్ చేశాను.

"మావయ్యా, చిన్నోణ్ని తెస్తున్నా. ఇంకా రెండు గంటల టైముంది."

"బొమ్మ ఎంతవరకు వచ్చింది?"

"అరవై శాతం. మళ్లీ మొదట్నుంచి పెట్టుకుంటాలే."

"రేపు పొద్దున్నే ఇవ్వాలన్నావుగా? వాడి మీద చెయ్యేశావంటే ఊరుకోను."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తీసుకునేదానివా?"

"మూడేళ్లుగా మొదటి స్థానం మావయ్యా!"

"చాల్లే. మిగతావాళ్లనీ బతకనీ."

ఆరింటికి ఆ పన్నెండు వేలే పంపారు. నాకు సిగ్గూ ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చాయి. బొమ్మను దాని మానాన వదిలి మళ్లీ వాళ్లింటికి వెళ్లాను, అత్తయ్యకు జరిగిందంతా చెప్పాను. ఆవిడ లేచి ఆయనకిష్టమైన కూర పొయ్యి మీద పెట్టింది.

ఏడింటికి జాబితా వచ్చింది. మావయ్య పైనుంచి కిందికి వేలు జరుపుకుంటూ పోయి, పోయి, ఒకచోట ఆగారు. కళ్లజోడు తీసి మడిచారు.

"ముప్ఫై ఏడు" అని ప్రకటించి, అత్తయ్య వైపు తిరిగారు. "ఏమోయ్, ముప్ఫై ఏడోవాడికి కూడా ఆకలేస్తుంది. భోజనం పెట్టు."