రెండు రేడియోలు, ఒక్క యాంటెన్నా

ఎయిర్‌పోర్టు వెనక, చిన్న విమానాలు బాగుచేసే షెడ్డులో నేను ఊడ్చే పని చేసేదాన్ని. నా కోడలు అక్కడే రేడియో మెకానిక్. అత్త చీపురు పడితే కోడలు విమానం విప్పుతుందని శంషాబాద్‌లో మా చర్చి ఆడవాళ్లు నవ్వేవారు. నవ్వనీ. నాకు చదువు రాదు గానీ వినడం వచ్చు. అక్కడ విన్నదే చెబుతున్నాను.

పెద్దమెకానిక్ మానేశాక, కోడలు తన సంతకంతో బయటికి పంపాల్సిన మొదటి విమానం షాద్‌నగర్ వైపు ప్లాట్లు అమ్మే సారుది. పైలట్ కింద ఉన్నవాళ్లతో మాట్లాడే రేడియో అందులో ఒకటి ఉంది. అది చెడిపోతే పనికొస్తుందని సారు ఇంకోటి కొన్నాడు. దానికి వేరే యాంటెన్నా పెట్టాలంటే విమానం నెత్తిన రంధ్రం వేయాలి. సారు ప్లాట్లకు వాస్తు చూసే అయ్యగారిని తోలుకొచ్చాడు. ఆయన కోడలు సుద్దతో పెట్టిన గుర్తు చూశాడు.

“ఇది నైరుతి అమ్మా. నైరుతిలో గుంత పడితే యజమానికి గండం.”

“విమానం తిరుగుతది గద అయ్యగారు, దానికి నైరుతేంది?” అంది కోడలు.

“ఇల్లు గూడ భూమితోని తిరుగుతనే ఉంది బిడ్డా,” అన్నాడు సారు. భలే చెప్పారన్నట్టు మా మేనేజరు తలూపాడు.

రంధ్రం వద్దన్నారు గనక ఒక చిన్న పెట్టె తెప్పించారు. ఉన్న యాంటెన్నాకే రెండు రేడియోలనూ కలుపుతుందది. ఒకదాంట్లో మాట్లాడినంతసేపు రెండోదాన్ని పక్కకు తప్పిస్తుంది, లేకపోతే అది కాలిపోతుందట. మా ఇంట్లో నేను మాట్లాడుతుంటే కోడలు ఆగినట్టు. కోడలు ఆగదు, అది వేరే సంగతి.

సారును లోపల కూర్చోబెట్టారు. మేనేజరు గేటు దగ్గర నుంచి చేతిరేడియోలో హలో అంటే రెండింట్లోనూ వినిపించింది. సారు మురిసిపోయాడు. అప్పుడు కోడలు యాంటెన్నా తీగ ఊడబీకింది. మేనేజరు హలో హలో అని చేతులు ఊపుతున్నాడు, లోపల ఏదీ పలకలేదు.

“రెండు కొన్న గదనే,” అన్నాడు సారు.

“రేడియోలు రెండైనా దారి ఒక్కటే సారు. దారి తెగితే రెండూ మూగయే. ఈ పెట్టె మంచిదే, పనిచేస్తది. ఒకటి పోతే ఇంకోటి ఉంటదని రాసి సంతకం పెట్టమంటే మాత్రం పెట్ట.”

మేనేజరు ఆమెను పక్కకు పిలిచాడు. సాయంత్రంలోగా సంతకం పెట్టకపోతే రేపటి నుంచి రావద్దన్నాడు. పెట్టేవాళ్లు బడంగ్‌పేట్‌లో బోలెడుమంది ఉన్నారట. నా కొడుక్కి అప్పుడు పని లేదు, ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే. పెట్టి పారేయి అని నా నోటిదాకా వచ్చింది. కానీ నా గొంతు రంపం లాంటిది, గుసగుసలాడినా గేటుదాకా వినపడుతుంది. చీపురు అందుకున్నాను.

కోడలు టీ తాగుతున్న అయ్యగారి దగ్గరికి పోయింది.

“అయ్యగారు, రేపు పైకి లేస్తది. సారు పక్కన మీరు గూడ కూసోండ్రి. మీరు చెప్పినట్టే చేసినం గద.”

“నేనెందుకమ్మా?”

సారుకు మాత్రం ఆ మాట నచ్చింది. “అవ్ అయ్యగారు, మీరుంటే నాకు జర ధైర్యం. హిమాయత్ సాగర్ మీదికెల్లి ఒక చక్కర్ కొట్టొద్దాం.”

అయ్యగారు గ్లాసు కింద పెట్టాడు. విమానం చుట్టూ ఇంకోసారి తిరిగాడు, ఈసారి నిదానంగా. ఊడి వేలాడుతున్న తీగ దగ్గర చాలాసేపు ఆగాడు.

“దీని మొహం అటు తిప్పండి,” అన్నాడు చివరికి.

తలో చెయ్యి వేసి తోశాం. తోక ఉన్నచోటికి ముక్కు వచ్చింది. నైరుతిలో ఉన్న సుద్దగుర్తు ఈశాన్యంలో కూర్చుంది.

“ఈశాన్యంలో బోరు వేసినా శుభమే. ఇప్పుడు రంధ్రానికి దోషం లేదు.”

“మరి అది బయటికి పోయినంక...” అని నేను మొదలుపెట్టాను. కోడలు నా కాలు తొక్కింది.

కొబ్బరికాయ కొట్టి రంధ్రం వేశారు. రెండో రేడియోకు సొంత యాంటెన్నా వచ్చింది. కోడలు ఒక తీగ పీకి చూసింది, రెండోదాంట్లో మేనేజరు హలో వినిపించింది. అప్పుడు సంతకం పెట్టింది. ఆమెను మర్నాడు మామూలుగా పనికి రమ్మన్నారు. శాలువా అయ్యగారికి కప్పారు.