రొట్టె విరగకూడదని

మా అమ్మ నన్ను కొట్టిన దెబ్బల్లో సగం కంచం ముందు పడ్డాయి, మిగతా సగం బాత్‌రూమ్ తలుపు దగ్గర. ఇది చదివితే మా చుట్టాలు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. నేనూ ఏం తక్కువ తినలేదు. ఆమె చూపుడు వేలు రక్తం వచ్చేదాకా కొరికాను, పప్పు గిన్నె గోడకేసి కొట్టాను, నువ్వు నా తల్లివి కాదు పొమ్మని గల్లీ అంతా వినేటట్టు అరిచాను. ఒకరి ప్రాణం ఒకరం తోడేసుకుంటూ ఆ ఏడాది గడిపాం.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. నాన్న మగ్గం వదిలేసి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాడు, ఇల్లేమో మన్సూరాబాద్‌లో. తెలంగాణ ఉద్యమం మంచి ఊపులో ఉన్న రోజులవి. వారానికి రెండు రోజులు బంద్. మెయిన్ రోడ్డు మీద బస్సుల అద్దాలు పగిలేవి. నాన్న సగం ఎత్తిన షట్టరు మళ్లీ దించుకుని వచ్చేవాడు. నేను చదివే ఎంసెట్ కోచింగ్ సెంటరుకు ఎప్పుడూ తాళమే. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అమ్మా నేనూ ఆ రెండు గదుల్లో ఎదురెదురుగా ఉండాలన్నమాట.

నేను తిండి మానేసింది అంతకు రెండేళ్ల ముందు. ఎందుకు మానేశావని ఇప్పటికీ అడుగుతారు. లావుగా ఉన్నానని ఎవరో అనుంటారని వాళ్లే ఊహించుకుంటారు. ఎవరూ అనలేదు. ర్యాంకు నా చేతిలో లేదు, కంచం నా చేతిలో ఉంది, అంతే. మానేయడంతో మొదలై, తిన్నది కక్కేయడం దాకా పోయింది. చివరికి కోచింగ్ సెంటరు మెట్ల మీద కూలిపోతే దవాఖానలో చేర్చారు. అక్కడి మనసు డాక్టరమ్మ నెలల తరబడి నాతో కూర్చుని ఒకటే మాట చెప్పింది. ఏ తిండీ నీకు శత్రువు కాదు, ఏదీ నిషేధం కాదు. మెల్లగా నమ్మాను. మెల్లగా తినడం మొదలుపెట్టాను.

తింటున్నా కడుపులో మెలిపెట్టే నొప్పి పోలేదు. వాంతులూ పోలేదు. ఎల్బీనగర్‌లో ఒక కడుపు డాక్టరు, కోస్తా ఆయన, పరీక్షలన్నీ చేయించి నా పేగులకు గ్లూటెన్ పడదని తేల్చాడు. గోధుమ పిండి ముద్దను సాగేటట్టు చేసే జిగురే గ్లూటెన్. "చపాతీ, రవ్వ, సేమియా, బన్ను, బిస్కెట్టు, ఇవేవీ ఇంక ముట్టుకోకూడదమ్మా. జొన్నలు, బియ్యం హాయిగా తినొచ్చు," అన్నాడు.

ఒకావిడ ఏదీ నిషేధం కాదంటుంది. ఒకాయన ఇది నిషేధం అంటాడు. మామూలు మనిషికి ఇదో పెద్ద సంగతి కాదు. నాకు మాత్రం రెండేళ్లుగా తిండిలో శత్రువుల జాబితా రాయడమే పని. బతిమాలి బతిమాలి నా చేతిలోంచి లాక్కున్న పెన్ను మళ్లీ వాళ్లే తెచ్చిచ్చారు. గోధుమ దగ్గర ఆగుతానా, రేపు అన్నాన్ని కూడా అందులో రాసేస్తానా అని నాకే భయం వేసింది.

అమ్మకు భయం లేదు. ఆమెకు పని దొరికింది. సాయంత్రం చపాతీలు మానేసి నా కోసం జొన్న రొట్టెలు మొదలుపెట్టింది. ఆమె చిన్నప్పుడు జొన్న రొట్టె తిన్నదే కానీ చేసింది లేదు. ఊళ్లో రొట్టెలు అమ్మమ్మ చేసేది, అమ్మ నూలు పనిలో ఉండేది. పట్నం వచ్చాక ఆ రుచే మరిచిపోయింది. అందుకే మొదటి రోజు రొట్టె పెంక మీద వేస్తుంటేనే మూడు ముక్కలయింది. రెండో రోజు అంచులన్నీ పగిలాయి. ఐదో రోజో ఆరో రోజో గుండ్రంగా, మెత్తగా, ఎక్కడా చిట్లకుండా దిగింది. తోటకూర వేసుకుని తిన్నాను. ఇంకోటి పెట్టమన్నాను. అడిగి పెట్టించుకుని ఎన్నేళ్లయిందో. అమ్మ పొయ్యి వైపు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

గంట తిరక్కుండా కక్కేశాను.

ఈసారి నేను కావాలని చేసింది కాదు. కడుపును ఎవరో పట్టుకుని పిండినట్టయింది, బాత్‌రూమ్‌లోకి పరుగెత్తాను, అంతే. తలుపు తీసేసరికి అమ్మ ఎదురుగా ఉంది. చెంప మీద ఒక్కటిచ్చింది. నేను చెయ్యలేదమ్మా, అదే వచ్చిందన్నాను. ఈ మాట ఎన్నిసార్లు చెప్తవని ఇంకొకటిచ్చింది. ఆమె తప్పు కూడా లేదు. అంతకు ముందు రెండేళ్లు నేను చెప్పింది కూడా అదే మాట, అప్పుడది పచ్చి అబద్ధం.

అప్పటి నుంచి రోజూ ఇదే తంతు. ఆమె రొట్టె పెట్టడం, నేను కక్కడం, ఆమె కొట్టడం. నాన్న బాత్‌రూమ్ తలుపుకు లోపలి గడియ పీకేశాడు. నేను వద్దంటే అమ్మ నా రెండు దవడలూ ఒక చేత్తో నొక్కిపట్టి, ఇంకో చేత్తో రొట్టె ముక్క లోపలికి కుక్కేది. పెదవి పళ్లకు తగిలి చీలిపోయేది. నేను గోళ్లతో ఆమె మెడ గీరేదాన్ని. ఒకరోజు పెనుగులాటలో ఆమె గాజు పగిలి నా గడ్డం కింద దిగింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అదే రోజు వీధి చివర బాష్పవాయువు గోళాలు పేలాయి. కళ్ల మంటతో ఇంట్లో అందరం ఏడ్చాం. ఎవరు దేనికి ఏడుస్తున్నారో తెలియకుండా పోవడం ఆ పూటకు మంచిదే అయింది.

కడుపు డాక్టరు దగ్గరికి మళ్లీ పోయాం. జొన్నలు తనే కొంటున్నానని, తనే ఏరుతున్నానని, గోధుమ పట్టని పిండి గిర్నీ వెతికి మరీ పట్టించుకొస్తున్నానని అమ్మ చెప్పింది. అన్నీ నిజాలే. ఆయన నా పాత కాగితాలు తిరగేశాడు, తర్వాత నా ముఖం వైపు చూశాడు. మళ్లీ ఆ మనసు డాక్టరమ్మకు చూపించండి అన్నాడు. ఆ చూపు అమ్మ దెబ్బల కంటే గట్టిగా తగిలింది. నన్ను నమ్మేవాళ్లు ఇక ఎవరూ మిగల్లేదు. చివరికి నన్ను నేనే నమ్మడం మానేశాను. నాకు తెలియకుండా నేనే కక్కుతున్నానేమో, నా కడుపు కూడా అబద్ధాలు నేర్చుకుందేమో అనిపించింది. ఇంత గొడవెందుకు, మళ్లీ తినడమే మానేస్తే పోలేదా అని ఒక చల్లని ఆలోచన వచ్చి కూర్చుంది. ఆ ఆలోచన నాకు పాతదే. దాని తర్వాత ఏమవుతుందో కూడా తెలుసు. ఈసారి మెట్ల మీద కూలితే లేవనని తెలిసే దాన్ని రానిచ్చాను.

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్కన రిలే నిరాహార దీక్షల టెంటు ఉండేది. రోజుకు కొందరు కూర్చునేవాళ్లు, సాయంత్రం ఎవరో పెద్దమనిషి వచ్చి నిమ్మరసం తాగించేవాడు. అమ్మతో కలిసి నాన్న దుకాణానికి పోతూ దాని ముందు ఆగి, నేనూ ఒకరోజు కూచుంటా అన్నాను. పక్కనున్న అమ్మ నడిరోడ్డు మీద నా వీపు పగలగొట్టింది. తినని వాళ్లకు అక్కడ బంతిపూల దండలు, నాకు తన్నులు. తెలంగాణ రావాలని అందరి కంటే ఎక్కువగా కోరుకున్నది నేనే. వస్తే ఆ టెంటు తీసేస్తారు, నాకు దాని మీద అసూయ పోతుంది.

ఇలా ఉండగా ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. వంటావార్పు అంటే విజయవాడ హైవే మీదే రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తినడం. లారీలు, బస్సులు పెద్ద అంబర్‌పేట్ దాకా ఆగిపోవాలి. మా కాలనీ ఆడవాళ్లంతా బయల్దేరారు. నన్ను ఇంట్లో ఒంటరిగా వదలడం ఇష్టం లేక అమ్మ నన్నూ వెంటబెట్టుకుపోయింది. మూడు పెంకలు, కట్టెల మంట, తారు రోడ్డు మీద వరసగా కూర్చుని రొట్టెలు కొడుతున్న ఆడవాళ్లు. అందరి రొట్టెలూ ఎక్కడో ఒకచోట చిట్లుతున్నాయి. అమ్మవి మాత్రం చిట్లడం లేదు. అమ్మ ముఖంలో ఆ వెలుగు నేను చాలా రోజుల తర్వాత చూశాను. నా పెళ్లి కుదిరినా అంత సంబరపడేది కాదు.

పక్కన కూర్చున్న అబ్దుల్లాపూర్‌మెట్ ఆవిడ, పుట్టినప్పటి నుంచి జొన్న రొట్టె మీదే బతికిన మనిషి, ఆశ్చర్యపోయి అడిగింది. "నీ రొట్టె గింత మెత్తగ ఎట్లొస్తుందక్కా?"

అమ్మ పిండి తట్టుతూ తలెత్తకుండా చెప్పింది. "పోగుకు గంజి పెట్టకపోతే తెగదా? గట్లనే గిది గూడ. పిడికెడు గోధుమ పిండి కలుపుత. జొన్న జొన్నే ఉంటది, రొట్టె ఇరగకుండ ఒస్తది."

నేత ఇంట్లో పుట్టిన మనిషి. గంజి నూలు కాదు, నూలును పట్టి ఉంచేది మాత్రమే. చీరలో గంజిని ఎవరూ లెక్కపెట్టరు. ఆమె లెక్కలో ఆ గోధుమ కూడా తిండి కాదు. నాకు ఇదంతా తర్వాత అర్థమయింది. అప్పుడు మాత్రం లేచి, పిండి పళ్లేన్ని కాలితో తన్నాను. అమ్మ తలెత్తింది. చాచి ఆమె చెంప మీద కొట్టాను. ఆగి, మళ్లీ కొట్టాను. రెండో దెబ్బ ఎందుకు కొట్టానో చెప్పలేను, మొదటిది చాలదనిపించింది.

"గోధుమలు పెట్టి నన్ను కొట్టినవ్," అన్నాను.

అమ్మకు అర్థమవుతుండగా చూశాను. ముందు కోపం వచ్చింది, తర్వాత కళ్లు పిండి మీదికి పోయాయి. చుట్టుపక్కల ఆడవాళ్లు నన్ను తిట్టడం మొదలుపెట్టారు. అంతలో చౌరస్తా అవతల రాళ్లు లేచాయి. పోలీసులు లాఠీలతో దూసుకొచ్చారు. మండుతున్న కట్టెలు, కూర గిన్నెలు కాళ్ల కింద దొర్లాయి. అమ్మ నా జుట్టు పట్టుకుని తన కిందికి లాక్కుంది. నా తల మీద పడాల్సిన లాఠీ ఆమె కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అట్లాగే పరుగెత్తుకుంటూ గల్లీల్లో పడి ఇల్లు చేరాం.

కట్టు కట్టించుకొచ్చాక అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడించలేదు. క్షమాపణ అడగాలనిపించలేదు, నిజం చెబుతున్నాను. నాన్న హోటలు నుంచి తెచ్చిన అన్నం ఆమె ముందు పెడితే ఆకలైతలేదని తోసేసేది. ఆ మాట నాకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? ఆ గొంతు, ఆ పక్కకు తిప్పుకున్న ముఖం, మంచినీళ్లు తాగి కడుపు నింపుకోవడం, అన్నీ నావే. నా తల్లి నా జబ్బును తెచ్చి తన ఒంట్లో పెట్టుకుంటోంది.

నాలుగో రోజు మధ్యాహ్నం జొన్న పిండి నేనే కలిపాను. ఉడుకు నీళ్లు, ఉప్పు, ఇంకేం లేదు. రొట్టె నాలుగు ముక్కలయింది. కంచంలో వేసి ఆమె ముందు కూర్చున్నాను. అమ్మ కంచాన్ని కాదు, నా గడ్డం కింది మచ్చను చూసింది.

"నువ్వు రోజూ చెప్తనే ఉన్నవు బిడ్డా," అంది. "నేనే ఇనలేదు. ఇప్పుడు నాకు ఒద్దు. తినబుద్ధి అయితలేదు."

ఎడమ చేత్తో ఆమె దవడలు నొక్కిపట్టాను. కుడి చేత్తో ముక్క లోపలికి కుక్కాను. ప్రేమతో పెట్టానని రాయాలనే ఉంది, కానీ కోపంతోనే పెట్టాను. ఆమె కళ్లలోంచి నీళ్లు కారి నా వేళ్ల మీద పడ్డాయి. నమిలింది. మింగింది. రెండో ముక్కకు నేను నొక్కకుండానే నోరు తెరిచింది.

మిగిలిన రెండు ముక్కలూ నావి. నేను తినడం మొదలుపెట్టగానే అమ్మ మెల్లగా పక్కకు ఒత్తిగిలి, గోడ వైపు తిరిగి పడుకుంది. ఎంత తింటున్నానో చూడలేదు, లేచి ఎటు పోతానో చూడలేదు. కాసేపటికి గురక పెట్టింది.