డెరిక్ దగ్గర నేర్చిన ఇంగ్లీషు

బల్గేరియాలోని ఎల్హోవో పట్టణంలో కుట్టు ఫ్యాక్టరీ మూతపడ్డాక స్తోయాంకాకు ఒక్క దారే కనిపించింది, పల్లె చివర కొత్తగా తెరిచిన అతిథి గృహం. వచ్చేవాళ్లంతా బయటి దేశాల వాళ్లు కాబట్టి ఇంగ్లీషు రావాలన్నారు. ఆమె అంతకుముందే సాయంత్రం ఇంగ్లీషు క్లాసులకు ఏళ్ల తరబడి వెళ్లింది. ఖాళీలు పూరించడంలో ఆమెను మించినవాళ్లు లేరు. తీరా అతిథి గృహం యజమానురాలు ఎదురుగా కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడమంటే పేరూ ఊరూ చెప్పి నోరు మూసుకుంది. బయటికొచ్చాక తన మీద తనకే ఒళ్లు మండింది. క్లాసు పుస్తకాలు పొయ్యిలో పడేసింది. మాట్లాడితే తప్ప మాట రాదని నిశ్చయించుకుంది.

పల్లెలో ఇంగ్లీషు మాట్లాడేది ఒక్కడే. చవగ్గా వచ్చిందని పాత ఇల్లు కొనుక్కుని దిగిన డెరిక్ అనే ముసలి ఇంగ్లండువాడు. స్తోయాంకా అతనితో బేరం కుదుర్చుకుంది. ఆమె వండిందేదో తెచ్చిపెట్టి ఇల్లు కాస్త సర్దాలి. అతను కూర్చుని మాట్లాడాలి, తప్పులు దిద్దాలి.

కాస్త సర్దితే తెమిలే ఇల్లు కాదది. గిన్నెల్లో బూజు, సోఫా నిండా కుక్క వెంట్రుకలు, కాఫీ కప్పుల్లో సిగరెట్ పీకలు, బల్ల మీద కత్తిరించి వదిలేసిన కాలిగోళ్లు. మొదటి రోజు లోపలికి అడుగుపెట్టింది మొదలు ఆమె ముక్కుతో కాక నోటితో గాలి పీలుస్తూ పని చేసుకుపోయింది. డెరిక్ ఒక్క తప్పు కూడా దిద్దలేదు, తన ధోరణిలో తాను వాగేవాడు. ఆమెకు ఎక్కడో ఒక మాట అందేది. అర్థమైనట్టు నవ్వేది. ఇంటికొచ్చి మిరపకాయలు కాలుస్తూ, అందిన వాక్యాలను అచ్చం అతను అన్నట్టే పైకి అనుకునేది.

"ఆ కంపు కొంపలో ఉన్నంతసేపూ వింటావు కదా, ఇంట్లో కూడా కక్కాలా?" అనేవాడు భర్త గాంచో.

"ఉద్యోగమొస్తే నువ్వే కూర్చుని తింటావులే, ఊరుకో" అనేది.

చలికాలం గడిచేసరికి అతని మాటలు చాలావరకు అందసాగాయి. అందుతున్నకొద్దీ మనసు బరువెక్కింది. పక్కింటివాళ్లు దొంగలట, స్తోయాంకా వదిన, అంగడి నడిపే గిన్కా మోసగత్తెట. తనకు సరిగా వినపడలేదేమోనని కొన్నాళ్లు సర్దిచెప్పుకుంది.

ఒకరోజు ఆమె పొయ్యి తుడుస్తుండగా డెరిక్ ఫోన్లో స్నేహితుడితో మాట్లాడుతున్నాడు. ఆమె తెచ్చిన, చీజ్ పెట్టి కాల్చిన బనిత్సా రొట్టె ముక్క చేతిలోనే ఉంది, వేళ్లకు నెయ్యి కారుతోంది.

"ఇక్కడ ఒకతి ఉందిలే, రోజూ తిండి మోసుకొస్తుంది" అంటున్నాడు. "కుక్క కూడా ముట్టదు ఆ తిండి. కానీ ఊరికే ఇల్లు తుడుస్తుంది కదా. ఏం తిట్టినా పళ్లికిలిస్తుంది. ఈ జాతే అంత."

ప్రతి మాటా అర్థమైంది. మనసులో తన భాషలోకి మార్చుకునే పని లేకుండా నేరుగా అర్థమైంది. ఆ సంగతి తెలిసి ఒక్క క్షణం ఆమెకు సంతోషం వేసింది. వెంటనే ఆ సంతోషం మీద కూడా రోత పుట్టింది. ఇన్నాళ్లూ తాను నవ్వింది వీటికా?

గుడ్డ కింద పడేసి, మిగిలిన బనిత్సాతో బల్ల మీదున్న పళ్లెం తీసి అతని కుక్క ముందు పెట్టింది. కుక్క ఆబగా తిన్నది.

"చూడు డెరిక్, ముట్టింది" అంది ఇంగ్లీషులో. "నీ కుక్క నోరు నీ నోటికంటే శుభ్రం."

ఖాళీ పళ్లెం తీసుకుని వచ్చేసింది. ఇంటి దగ్గర చేతులు ఎన్నిసార్లు కడిగినా సిగరెట్ వాసన పోలేదు.

తర్వాతి వారం అంగడి ముందు అతనే ఎదురయ్యాడు. సరదాగా అన్నానన్నాడు. పైగా, ఆ రోజు ఎంత చక్కగా మాట్లాడిందో మెచ్చుకుని, అదంతా తన చలవేనన్నాడు. అది నిజమే కాబట్టి ఆమెకు మరింత రోత పుట్టింది.

ఈసారి తడబడకుండా మాట్లాడడంతో అతిథి గృహంలో ఉద్యోగం వచ్చింది. మొదటి నెలలోనే, మరుగుదొడ్డి ఎక్కడని అడిగిన ఇంగ్లండు ఆవిడకు స్తోయాంకా దానికి తనకు తెలిసిన ఇంగ్లీషు మాటే వాడి మర్యాదగా దారి చెప్పింది. ఆవిడ ఎర్రబడి, ఆ మాట ఎవరు నేర్పారని అడిగింది. అది డెరిక్ మాట, సారాకొట్లో కూడా ఆడవాళ్ల ముందు అనని మాట. ఆ పూటంతా స్తోయాంకాకు తన నాలుక తనది కాదనిపించింది.

అప్పటినుంచి రేడియోలో ఇంగ్లీషు వార్తలు చదివే ఆవిడ వెంట మాట మాటా పలికి, ఫోన్లో రికార్డు చేసుకుని వినడం మొదలుపెట్టింది. తన గొంతులో డెరిక్ వినపడిన చోటల్లా చెరిపేసి మళ్లీ పలికేది. చాలావరకు పోయింది, అంతా పోలేదు. కోపం వస్తే ఇప్పటికీ అతని యాసే ముందు తన్నుకొస్తుంది, చప్పున పెదవి కొరుక్కుంటుంది.

డెరిక్ ఇంకా అక్కడే ఉన్నాడు. దారిలో పలకరిస్తే ఆమె బల్గేరియన్‌లోనే బదులిస్తుంది. అతనికి ముక్క అర్థం కాదు. అర్థమైనట్టు నవ్వి తల ఊపుతాడు. ఆ నవ్వు చూడలేక ఆమె ముఖం తిప్పుకుని నడిచిపోతుంది.