ఎర్ర చెవుల తెల్ల కుక్కలు

పటాన్‌చెరులో నాకన్నా బాగా బేరమాడే మనిషి ఉంటే చూపించండి. మా అమ్మాయి ఇంటర్‌కు ఇంటి దగ్గరి కాలేజీ కావాలంటే, నేను సంగారెడ్డిలో హాస్టల్ కాలేజీ వాళ్లతో రెండు గంటలు కూర్చుని ఫీజులో మూడో వంతు కోయించాను. పైగా పరుపు ఉచితం. కిరాణా కొట్టులో బస్తాల మధ్య పెరిగినవాణ్ణి. పిల్లను ఒక మాట అడగాలన్న సంగతి రసీదు చేతికొచ్చాక కూడా తట్టలేదు.

ఆ రోజు నుంచి తను నాతో మాట్లాడలేదు. అన్నం తిన్నావా అంటే వాళ్లమ్మ వైపు చూసి తలూపేది. నెల గడిచింది. వచ్చే ఆదివారం సాయంత్రం హాస్టల్‌కు పోవాలి. గొంతు వినకుండా బస్సెక్కిస్తే ఇక ఎప్పటికీ వినబోనేమోనని భయం పట్టుకుంది. గల్లా ముందు కూర్చుని తప్పు చిల్లర ఇస్తున్నాను.

దారి చెప్పింది మా ఆవిడే. "ఇంగ్లండ్ పక్కపొంటి వేల్స్ అని ఉంటదట, అక్కడి పాత కథలు పిల్ల ఫోన్ల చదువుతది గదా. గా కథలతోని దయ్యాల సిన్మా వచ్చిందంట, తెలుగుల. తీస్కపో. జెర బేరాలు బంద్ వెట్టి కూసో."

ఆ ఆదివారమే మధ్యాహ్నం ఆటకు వెళ్లాం. హాల్లో సగం మంది పాశమైలారం ఫ్యాక్టరీల వాళ్లే, సెలవు రోజు ఏసీ కోసం వచ్చినవాళ్లు. తెర మీద పొగమంచు, గొర్రెల కొట్టం, ఎంతకీ గిన్నెలు తోమడం ఆపని ముసలామె. పాతాళపు రాజు వేటకుక్కలు వస్తాయట, తెల్లటి ఒళ్లు, ఎర్రటి చెవులు. తీరా ఒకటి వస్తే, సున్నం కొట్టిన మా గల్లీ కుక్కలా ఉంది. పిల్ల మాత్రం ముందుకు వంగి చూస్తోంది. నవ్వు మింగేశాను.

కుక్కల అరుపులు మొదట హాలు అదిరేలా వినిపించాయి. తర్వాత తగ్గాయి. ఇంకా తగ్గాయి. చివరికి చెవులు రిక్కించాల్సి వచ్చింది. వెనక నుంచి ఎవరో సౌండ్ పెంచమంటూ "ఆవాజ్ బఢావ్ భాయ్" అని కేకేశారు. డబ్బిచ్చి కొన్న సరుకు తూకంలో తగ్గితే ఊరుకునే వంశం కాదు మాది. లేచాను.

"కూసో డాడీ," అంది.

నెల తర్వాత మొదటి మాట. విన్నాను. విని కూడా, "స్పీకర్ ఖరాబైంది బిడ్డా, రెండు నిమిషాలల్ల వస్త," అన్నాను.

"ఖరాబ్ గాలే. కూసో, చెప్త."

అప్పటికే మెట్లు దిగుతున్నాను.

"సిన్మాల ఆవాజే గంత అన్నా," అన్నాడు మేనేజరు.

"గంతే అయితే సగం పైసలే తీస్కో."

చాలాసేపు లాగాను. ఒక టికెట్ డబ్బు వాపసు ఇచ్చాడు, నా నోరు మూయించడానికి రెండు సమోసాలు కూడా. గెలిచిన పహిల్వాన్‌లా తిరిగొచ్చేసరికి హాల్లో లైట్లు వెలిగి ఉన్నాయి. అందరూ లేచిపోయారు, తను ఒక్కతే కూర్చుని ఉంది.

"గా కుక్కలు దూరమున్నప్పుడు గట్టిగ ఇనిపిస్తయి. దగ్గరికొచ్చిన కొద్ది సప్పుడు తగ్గుతది. కథలల్ల గట్లనే ఉంటది," అంది. "సిన్మా మొత్తంల గదొక్కటే మంచిగ తీసిండ్రు. గప్పుడు నువ్వు నా పక్కన ఉంటవనుకున్న."

"ఇంకోసారి చూద్దాం. మళ్ల ఆటకు టికెట్లు తీస్త."

"వద్దు. సిన్మా బాగలేదు."

సాయంత్రం బస్టాండుకు వాళ్లమ్మ బ్యాగు తెచ్చింది. "పరుపు మంచిగ లేకుంటే ఫోన్ చెయ్యి, మార్పిస్త," అన్నాను. పిల్ల వాళ్లమ్మ వైపు చూసి తలూపింది. బస్సు కదిలింది.

రెండు టికెట్లకు మూడు వందల అరవై పెట్టి, నూట ఎనభై రాబట్టాను. సమోసాలు చల్లారి ఇంటికొచ్చాయి. నెల తర్వాత నోరు విప్పి, తను నన్ను రెండుసార్లు కూర్చోమంది. కూర్చోవడానికి పైసా ఖర్చు లేదు. లేచి నేను సంపాదించింది నూట ఎనభై రూపాయలు.