ఉచితంగా వచ్చిన డబ్బా

కుళ్లిన పీచ్ పళ్లు అమ్మిన కొట్టువాడి చేతే ఒకటి కొరికించి, డబ్బు వెనక్కి కక్కించింది మా పక్కింటి విల్మా. ఏళ్ల తరబడి స్కూలు బస్సు నడుపుతూ పిల్లల్ని అదిలించిన గొంతు మరి. కూపన్లు కత్తిరించి దాచుకునే మనిషి, ఉచితమంటే తను గెలిచినట్టే అనుకుంటుంది. డాక్టరు సిగరెట్లు మానమంటే, పోస్టు ఖర్చు ఇస్తే చాలన్న ప్రకటన చూసి, ఎలక్ట్రానిక్ సిగరెట్‌కు బ్యాంకు కార్డు నంబరు ఇచ్చింది. అడుగున చీమ తలకాయంత అక్షరాలు చదవలేదు. ఇప్పుడు నెలనెలా డబ్బా వస్తోంది, దాని ఖరీదు కింద పింఛనులో మందుల డబ్బు పోతోంది. ఆపమని కంపెనీకి ఫోన్ చేస్తే పాట వస్తుంది గానీ మనిషి పలకడు. ఇవాళ ఆ పాట వింటూనే దగ్గి దగ్గి కుర్చీలో వాలిపోయి, ఫోన్ నా చేతిలో పెట్టింది.

"మనిషి గొంతు వినబడితే నన్ను లేపవే, ఓపల్. నువ్వు పోట్లాడకు, నీకు చేతకాదు. వాణ్ణి నాకివ్వు."