మన్ను అబద్ధం చెప్పదన్న మామ

మా మేనమామ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు మా అమ్మ నమ్మలేదు. "సరిగ్గా చూసినారా? ఊరికే కండ్లు మూసుకోని, ఎవురేమనుకుంటాండారో ఇంటాంటాడు మాయన్న" అంది. అలా అడిగి, గోడకు ఆనుకుని ఏడ్చింది.

ఆయన అనుమానం ముదిగుబ్బ చుట్టుపక్కల అందరికీ తెలుసు. టీ తాగితే గ్లాసు అడుగు చూసేవాడు. బస్సెక్కితే డ్రైవరు మొహం చూసేవాడు. ఎద్దులబండి కాలంలో వేరుశనక్కాయల మూటలు కుట్టాక, కుట్టు మీద ఎర్రమన్ను మెత్తి, కళ్లంలో రాశి మీద వేసే చెక్కముద్రను దాని మీద ఒత్తేవాడు. ధర్మవరం చేరాక ముద్ర చెదరకపోతే మూట ఎవరూ ముట్టనట్టు. "మనిషి చెప్తాడు అబద్ధం. మన్ను చెప్పదు" అనేవాడు.

తర్వాత లారీలొచ్చాయి. మా నాయన లారీ డ్రైవరు. సొంత బావ కదా అని మామ తన కాయలు ఆ లారీకే ఎత్తించి, తాను బస్సులో ముందుగా అనంతపురం మిల్లుకు వెళ్లి కూర్చున్నాడు. లారీ వచ్చింది. మూటల మీద ముద్రలన్నీ పగిలి ఉన్నాయి.

"ఎవురు ఇప్పినారు బావా?"

"ఎవురూ ముట్టలేదు బావా."

"మరి మన్ను అబద్ధం చెప్తాండాదా?"

తూకం సరిపోయింది. అయినా ఆయన ఒప్పుకోలేదు, కాయలు తీసి రాళ్లు కలిపారన్నాడు. మూటలు గుమ్మరించినా రాళ్లు దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది. ఆరోజు నుంచి మా గడప తొక్కలేదు. నాయన పౌరుషం తక్కువదా, పుట్టింటి పేరెత్తొద్దన్నాడు. పండగొస్తే మా అమ్మ ఓళిగలు చేసి, వీధి వైపు చూస్తూ కూర్చునేది. ఆ చూపు తలుచుకుంటే ఇద్దరి మీదా నాకు ఇప్పటికీ కోపమే.

బండ్లు పూర్తిగా పోయాక మామకు ఇంకొకరి లారీ తప్పలేదు. ఈసారి ఎవరినీ నమ్మక, తానే మూటల మీదెక్కి కూర్చున్నాడు. గుంతల్లో లారీ ఎగిరెగిరి పడుతుంటే, ఆయన కళ్ల ముందే ముద్రలు ఒక్కొక్కటీ పగిలాయట. ఎద్దులు మెల్లగా నడిచేవి, అందుకే ముద్రలు అన్నాళ్లూ నిలిచాయి.

మిల్లు నుంచి నేరుగా మా ఇంటికొచ్చాడు. ఒంటినిండా దుమ్ము. "అమ్మీ, కాళ్లకు నీళ్లీ" అన్నాడు. తర్వాత నాయన వైపు తిరిగి, "బావా, మన్ను అబద్ధం చెప్పింది" అన్నాడు.

"ఒక పొద్దన్నా నా లారీ ఎక్కింటే ఆ పొద్దే తెలుస్తాండె గదప్పా" అన్నాడు నాయన. అమ్మ నీళ్లచెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మామ మారింది అక్కడికే. మొన్నటికి మొన్న, నాకు రావలసిన పార్సిలు ఎక్కడుందో ఫోన్‌లో చూపించాను. "చుక్క కదుల్తాండాది సరే. లోపల మూట ఉండాదని ఎవురు చూసినారు?" అన్నాడు. పార్సిలు వచ్చాక విప్పి చూసేదాకా నాకూ నిద్ర పట్టలేదు. తప్పు తెలిసిన రోజే వచ్చి గడప తొక్కిన మనిషి ఆయన. ఆ ధైర్యం కూడా నాకు అంటితే బాగుండు.

మామను పూడ్చిన చోట మన్ను మీద నీళ్లు చల్లాక, నాయన ఆయన ఇంటి అటక మీది చెక్కముద్ర తెప్పించాడు. వంగి, తడిమట్టి మీద గట్టిగా ఒత్తాడు. "ఇంగ దీన్ని ఏ లారీ కుదిలించదులే బావా" అన్నాడు.

మూడోరోజు పాలు పోయడానికి వెళితే, నాయన మాకంటే ముందే అక్కడున్నాడు. గొంతుక్కూర్చుని, ముద్ర అంచుల వెంట వేలు పోనిస్తూ, ఎక్కడైనా పగిలిందేమోనని చూస్తున్నాడు.