పాస్‌వర్డ్ మార్చుకున్నందుకు

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లోకి అడుగు పెట్టగానే ఎదురుగోడ మీద ఒక పెద్ద కాగితం కనిపించేది. లామినేషన్ చేయించి, నాలుగు మూలలా మేకులు కొట్టారు. పైన కాలేజీ ముద్ర, కింద ప్రిన్సిపల్ మేడమ్ సంతకం. కంప్యూటర్లను, నెట్‌వర్కును ఎలా వాడాలో అందులో ఇంగ్లిషులో రాసి ఉంది. మొదటి రూలు, మీ పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పవద్దు. రెండో రూలు, ఇచ్చిన పాస్‌వర్డును వెంటనే మార్చుకోండి. నేను ఆ రెండింటినీ పాటించాను. పాటించినందుకే నన్ను ల్యాబ్‌లోంచి వెళ్లగొట్టారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దిగాక, ఒక ఫంక్షన్ హాలును ఆనుకుని ఉండే ప్రైవేటు డిగ్రీ కాలేజీ మాది. ఫంక్షన్ హాల్లో బ్యాండు మొదలైతే మాకు పాఠం ఆగిపోయేది. నేను బీకాం కంప్యూటర్స్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. యాకుత్‌పురాలో ఇల్లు, పత్తర్‌గట్టిలో మా నాన్న, బాపుకి జరీ లేసుల దుకాణం. కాలేజీలో చేరినప్పుడు ల్యాబ్ సార్ అందరికీ ఒక మెయిలు, ఒక పాస్‌వర్డు ఇచ్చాడు. ల్యాబ్ కంప్యూటర్ తెరవడానికి కూడా అవే. పాస్‌వర్డంటే హాల్‌టికెట్ నంబరు, దాని వెనకాల కాలేజీ పేరు. అందరికీ అదే పద్ధతి. ఒకరిది తెలిస్తే క్లాసు మొత్తానిదీ తెలిసినట్టే.

దాన్ని ఎవరూ మార్చుకోలేదు. "మార్చుడెందుకే, మర్చిపోతే సార్ తిడ్తడు" అనేది నా పక్కన కూర్చునే అమ్మాయి. కంప్యూటర్లు తక్కువ, మనుషులం ఎక్కువ. ముందొచ్చినవాళ్లు తమ పేరుతో తెరిచేవాళ్లు, వెనకొచ్చినవాళ్లు దాంట్లోనే తమ పని చేసుకునేవాళ్లు. మూసి మళ్లీ తెరిస్తే సగం పీరియడు దానికే పోయేది కాబట్టి, గట్లనే చేయండి అని ల్యాబ్ సారే చెప్పేవాడు. గోడ మీది కాగితానికి వీపు ఆనించి కూర్చుని మరీ చెప్పేవాడు.

నా ప్రాజెక్టు బాపు దుకాణం గురించే. ఏ రంగు లేసు ఎంత ఉంది, ఏది అయిపోవచ్చింది అని చూపించే చిన్న ప్రోగ్రామ్. రంజాన్ ముందు, పెళ్లిళ్ల సీజనులో బాపు పైఅరలో ఉన్న సరుకు మరిచిపోయి లేదని చెప్పి గిరాకీని పంపించేసేవాడు. అందుకని మొదలుపెట్టాను. ఒకరోజు నేను లేనప్పుడు నా పేరు మీద ఎవరో కూర్చుని సగం పని తుడిచేశారు. కావాలని కాదు, ఎవరి ఫైలో తెలియక. కూర్చుని ఏడ్చాను. మళ్లీ మొదటి నుంచి చేశాను. ఆ రోజే పాస్‌వర్డ్ మార్చుకున్నాను.

ఆఖరి సెమిస్టరులో కాలేజీని చూసి గ్రేడు ఇవ్వడానికి బయటి నుంచి కమిటీ వస్తుందన్నారు. అంతే, కాలేజీకి పెళ్లికళ వచ్చింది. గోడలకు సున్నం, మెట్ల మీద అద్దె పూలకుండీలు. మా అందరి మెయిళ్లకూ ఒక ప్రశ్నాపత్రం వచ్చింది. కాలేజీ ఎలా ఉందో విద్యార్థులు ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేయాలి. అడిగింది మమ్మల్ని. కానీ పాపం, మాకు అంత శ్రమ దేనికని ఆఫీసువాళ్లే ఆ పని మీదేసుకున్నారు. ల్యాబ్ సార్, ఇద్దరు క్లర్కులు కూర్చుని మా అకౌంట్లు ఒక్కొక్కటీ తెరిచి అన్నిటికీ అయిదు, అయిదు కొట్టుకుంటూ పోయారు. సంగతి తెలిసి క్లాసులో కొందరు నవ్వారు కూడా, మన పని తప్పిందని.

నాది తెరుచుకోలేదు. పాస్‌వర్డును తిరగరాసే అధికారం ఆ మెయిళ్లు పెట్టిచ్చిన ఏజెన్సీ చేతుల్లో ఉంది, ఆ ఏజెన్సీవాడు ఫోనెత్తడం లేదట. ల్యాబ్ సార్ నన్ను పిలిపించాడు.

"పాస్‌వర్డ్ ఏం పెట్టినవ్?"

"ఎందుకు సార్?"

"ఎందుకేంది, పనుంది, చెప్పు."

"నాది నేనే నింపుత సార్."

"నువ్వు నింపుడు అక్కర్లే. అందరివి ఒక్క తీరుగ నింపుతున్నం. నీదొక్కటే అట్కింది."

"గోడ మీద ఎవరికీ చెప్పొద్దని ఉంది కద సార్."

ఆయన వెనక్కి తిరిగి ఆ కాగితాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "అది మీ కోసం పెట్టింది. మా కోసం కాదు" అన్నాడు.

మర్నాడు అటెండరు నన్ను ల్యాబ్ గుమ్మం దగ్గరే ఆపేశాడు. అనుమతి లేకుండా పాస్‌వర్డ్ మార్చి కాలేజీ నెట్‌వర్కును దుర్వినియోగం చేశానట, ప్రిన్సిపల్ మేడమ్ ఆర్డరట. ప్రాక్టికల్స్ వచ్చే వారమే. నా ప్రాజెక్టు ల్యాబ్ కంప్యూటర్లలో తప్ప ఎక్కడా తెరుచుకోదు. అది చూపించకపోతే ఫెయిల్. ఫెయిలైతే డిగ్రీ ఇంకో ఏడాదికి. వాళ్లకు అది బాగా తెలుసు, అందుకే అక్కడ పట్టుకున్నారు.

మేడమ్ గదిలోకి వెళ్తే కుర్చీ చూపించి మరీ బుద్ధి చెప్పారు. "కాలేజ్ అంటే ఒక ఫ్యామిలీ అమ్మా. ఫ్యామిలీలో పాస్‌వర్డ్స్ దాస్తామా?" మా ఇంట్లో బీరువాకు తాళం ఉంటుంది మేడమ్ అందామనుకున్నాను. అప్పుడామె గొంతు తగ్గించి అసలు మాట అన్నారు. "ఆడపిల్లవు. అంత దాచుకునేది ఏముంది నీ మెయిల్‌లో? ఎవరైనా ఉన్నారా? మీ ఫాదర్‌ని తీసుకురా."

నేను దాచుకున్నది లేసు ప్రోగ్రామ్ మేడమ్. అందులో మీకు కావలసిన మసాలా ఏమీ లేదు. ఈ మాట అప్పుడు రాలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

బాపు గిరాకీ వదిలేసి వచ్చాడు. మా బాపు గల్లాపెట్టె తాళంచెవి మొలతాడుకే కట్టుకుంటాడు, సొంత తమ్ముడి చేతికి కూడా ఇవ్వడు. అలాంటి మనిషి మేడమ్, ల్యాబ్ సార్ ఉన్న గదిలోకి వస్తూనే, ఏమైందో అడగకుండానే రెండు చేతులూ జోడించాడు.

"చిన్నపిల్ల మేడమ్, తెల్వక చేసింది. మాఫ్ చేయుండ్రి."

"తెలిసే చేసిన బాపూ."

"నువ్వూకో. ఇచ్చేయ్ బిడ్డా, ఏం పోతది? పరీక్షల ముందట లొల్లి ఎందుకు?"

నాకు వాళ్లిద్దరి కంటే బాపు మీదే ఎక్కువ కోపం వచ్చింది. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయి, తన తప్పేమీ లేకుండా అలా వంగి నిలబడినందుకు. పాస్‌వర్డ్ మాత్రం చెప్పను, కావాలంటే మీ ముందే నింపుతానన్నాను. మేడమ్ ల్యాబ్ సార్ వైపు చూశారు. ఆయన నన్ను ల్యాబ్‌లో ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. మేడమ్ ఒక పక్క, ఆయన ఇంకో పక్క, బాపు నా వెనక. చెయ్యి అడ్డం పెట్టి పాస్‌వర్డ్ కొట్టాను.

కంప్యూటర్లు సరిపోను ఉన్నాయా? ఒక్కోదానికి ముగ్గురం. "అయిదు కొట్టు" అన్నాడు సార్. కొట్టాను. ఇంటర్నెట్ బాగా వస్తుందా? అయిదు. ఆడపిల్లల టాయిలెట్లు ఎలా ఉన్నాయి? తలుపుకు గడియ లేదు, ఒకరు లోపలికి పోతే ఇంకొకరం బయట కాపలా ఉండేవాళ్లం. అయిదు. ఆడమనిషి అయ్యుండి మేడమ్ దాన్ని కూడా చూస్తూ నిలబడ్డారు. ఆఖరి ప్రశ్న, ఈ కాలేజీలో మీ అభిప్రాయాన్ని భయం లేకుండా చెప్పగలరా? నా చెయ్యి ఆగింది. వెనక నుంచి బాపు మెల్లగా దగ్గాడు. అయిదు కొట్టాను.

"ఇగ పాస్‌వర్డ్ పాతదే పెట్టు, మళ్లొక్కసారి ఫికర్ ఉండొద్దు" అన్నాడు ల్యాబ్ సార్. కళ్లు కీబోర్డు మీదే పెట్టాడు.

"పెట్టను సార్."

ఆయన బాపు వైపు తిరిగాడు. బాపు చేతులు ఈసారి జోడించలేదు. కాసేపు నన్నే చూసి, "పెట్టదంట సార్" అన్నాడు.

వాళ్లకు కావలసింది దొరికింది కాబట్టి మేడమ్ పొమ్మన్నట్టు చెయ్యి ఊపారు. ప్రాక్టికల్స్ రాశాను, పాసయ్యాను. కాలేజీకి మంచి గ్రేడు కూడా వచ్చిందట. మా విద్యార్థులు ఎంత సంతృప్తిగా ఉన్నారో చూడండని వెబ్‌సైటు మొదటి పేజీలోనే రంగుల బొమ్మ పెట్టారు. నేను అప్పుడప్పుడు తెరిచి చూస్తాను. మిగతావాళ్లు ఆ మార్కులు మేం వేయలేదు, ఆఫీసువాళ్లే వేసుకున్నారని చెప్పుకోవచ్చు. నాకు ఆ మాట కూడా లేకుండా చేశారు. అందులో నావి నేనే వేశాను.